పట్టాల అవతలి పసుపు

మా మేనేజరు పోయాడు. మంగళవారం పొద్దున్న ఆరింటికి గోడ అవతల ఆయన విజిల్ కడిగి, లోపలి నీళ్ళు పోవడానికి ఒకసారి చిన్నగా ఊదడం నా చెవులతో విన్నాను. పదింటికి మనిషి లేడు. చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాను. మా లైన్ టీమ్ పాత గోల్‌కీపరు గోలీ గుమ్మంలోకి వచ్చి ఆ మాట చెబితే, "పొద్దున్న విజిల్ విన్నాను కదా" అన్నాను. అదేదో గట్టి సాక్ష్యమైనట్టు, అది చూపిస్తే కేసు కొట్టేస్తారన్నట్టు.

"నానూ ఇన్నానప్పా," అన్నాడు గోలీ. "పట్టాల అవతలోళ్ళ మైదానంలోనేనంట. పిల్లల్ని పరిగెట్టించి కుర్సీలో కూకున్నాడంట. నీళ్ళు తాగుదువు లెగు దాదా అని లేపితే లెగనేదంట."

నేను మళ్ళీ చింతపండు ముందేసుకుని రెండు గింజలు తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలియదు.

చదివేవారికి కొంచెం చెప్పాలి. ఈ బెంగాలీల ఊళ్ళో, ఏక్‌బాల్‌పూర్‌లో డాకుల వెనక, శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చిన మా తాతల నాటి ఇళ్ళ వరసని మేము 'లైన్' అంటాం. నేను ఇక్కడి తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకి గుణింతాలు నేర్పాను, వాళ్ళు అంతే శ్రద్ధగా మర్చిపోయారు. లైన్‌కంతా నేను 'అప్ప'ని, అంటే అక్కని. ఆయన మా గోడ పక్కింటి వాడు. డాకులో క్రేన్ నడిపేవాడు, డ్యూటీ దిగాక మా లైన్ ఫుట్‌బాల్ టీముకి మేనేజరు. ఇదేదో పెద్ద హోదా అనుకోకండి. బంతిలో గాలి చూడడం, నిమ్మకాయలు కోయడం, జెర్సీలు ఉతికించడం, ఎవరాడాలో చెప్పడం, ఓడాక తిట్లు తినడం. చివరి పని ఆయన పద్దెనిమిదేళ్ళు నాగా లేకుండా చేశాడు.

మా టీము ఓడడంలో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి అయిదు నిమిషాల దాకా గెలుస్తూ ఉండేవాళ్ళం. ఓడినరోజు సాయంత్రం ఆయన ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి చెప్పేవాడు: "ఈ పూట రెండు గుప్పెళ్ళు బియ్యం ఎక్కువెయ్యండి. ఓడినోడికి ఆకలెక్కువ." గెలిచినవాడి ఆకలి సంగతి ఆయనకి తెలిసే అవకాశం మేం ఇవ్వలేదు.

నాకు ఆయన చేసిన మేలు ఒకటుంది. ఈ ఊళ్ళో బెంగాలీల సంవత్సరాది నాడు ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బూ గోల్‌పోస్టుకి పూజ చేస్తుంది. బార్ పూజ అంటారు. వాళ్ళు దండ వేసి కొబ్బరికాయ కొడతారు. మా వాళ్ళు అంతటితో ఊరుకోరు కదా, ఇంటి గడపకి చేసినట్టు రెండు స్తంభాలకీ నిండా పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. "గోలంటే మన గుమ్మవే అప్పా, పరాయోడు దాటకూడదు," అనేవాడు ఆయన. పసుపు పూసే పని మొదటి నుంచీ నాది. మావారు చనిపోయిన ఏడాది, ఆ పని ఇంకొకావిడకి అప్పజెప్పాలని లైన్‌లో ఆడవాళ్ళు ముందే మాట్లాడుకున్నారు. నాకెవరూ చెప్పలేదు, అలాంటివి చెప్పరు. నేను తలుపు దగ్గరగా వేసుకుని లోపలే ఉన్నాను. ఆయన పసుపు గిన్నె పట్టుకుని తలుపు తోసుకొచ్చాడు.

"రా అప్పా, ఎండెక్కిపోతంది."

"నేను పూయకూడదట తమ్ముడా."

"ఎవులన్నారు? గోల్‌పోస్టుకి మొగుడేటి, పెళ్ళావేటి? దానికి తెలిసింది బంతొక్కటే. పూసీ అప్పా."

అందరూ చూస్తుండగా పూశాను. గొణిగినవాళ్ళు గొణిగారు. ఆయన నా పక్కనే ఆముదం సీసా పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ సంవత్సరాది నెల బైశాఖంలో పొద్దున్న పూజ చేస్తే సాయంత్రానికి గాలివాన వచ్చి కడిగేస్తుంది. అందుకని నేను పసుపులో ఆముదం కలిపేదాన్ని. మా అమ్మ వానాకాలంలో గడపకి అలాగే చేసేది. ఆముదం కలిపిన పసుపు ఆషాఢం దాటినా స్తంభాన్ని వదలదు. ఏటేటా ఆ సీసా కొని తెచ్చేది ఆయనే. ఈ మాట గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

పద్దెనిమిదో ఏడు కూడా ఆఖరి అయిదు నిమిషాల్లో ఓడాక క్లబ్బు గదిలో సభ పెట్టారు. "దిగిపో దాదా" అన్నవాళ్ళు కొందరు, "ఎలిపో" అన్నవాళ్ళు కొందరు. నన్ను పెద్దదాన్నని పిలిచారు. పెద్దది ఏం చేయాలి? సర్ది చెప్పాలి. నాకు నోట్లోకి ఒక మాట వచ్చింది, వస్తే ఆపుకునే అలవాటు లేదు. "మన మేనేజరు గారు టీము నడపడం లేదు, పరామర్శ నడుపుతున్నారు," అన్నాను. గది గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. బంతికి గాలికొట్టే పంపు కేరమ్ బోర్డు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

నెల తిరక్కుండా పట్టాల అవతలి క్లబ్బు వాళ్ళు వచ్చి ఆయన్ని అడిగారు. మా లైన్‌కీ వాళ్ళకీ మధ్య ఉన్నది డాకుకి పోయే గూడ్సు పట్టాలు, అంతే. దాటితే నాలుగు నిమిషాలు. ఆయన దాటాడు. మేము పంపేశామన్న సంగతి మా లైన్ రెండు వారాల్లో మర్చిపోయింది. మూడో వారం నుంచి ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళిపోయినవాడు. నేను అంతవరకూ 'తమ్ముడా' అన్న నోటితో 'మేనేజరు గారూ' అనడం మొదలుపెట్టాను. మర్యాద ఇచ్చి మనిషిని ఎంత దూరం పెట్టవచ్చో బడిపంతులమ్మలకి బాగా తెలుసు.

అక్కడ ఆయన మొదటి బార్ పూజకి ముందురోజు పెరటి గోడ మీద తల కనిపించింది.

"అప్పా, పసుపులో ఏటి కలుపుతావు?"

నేను బట్టలు ఆరేస్తున్నాను. తల తిప్పకుండా, "నీళ్ళు," అన్నాను.

"నీళ్ళేనా?"

"నీళ్ళే, మేనేజరు గారూ."

"సరే అప్పా," అని తల దించేశాడు. ఆ సాయంత్రం నేను మంచి హుషారుగా ఉన్నాను.

రెండో ఏడు వాళ్ళు షీల్డు గెలిచారు. ఆ ఆట చూడ్డానికి మాలో ఒక్కరూ పట్టాలు దాటలేదు, పౌరుషం కదా. గోలీ ఫోన్ చుట్టూ మాత్రం ముప్పై తలకాయలు చేరాయి. ఆయన దగ్గర ఒక కార్నర్ కిక్కు ఎత్తు ఉండేది. బంతి నేను తన్నుతానంటే నేను తన్నుతానని ఇద్దరు ఆటగాళ్ళు దెబ్బలాడుకుంటున్నట్టు నటించాలి. అవతలివాళ్ళు వినోదం చూస్తుండగా మూడోవాడు తన్నేయాలి. మా వాళ్ళకి ఆరేళ్ళు నేర్పాడు. మా వాళ్ళు ప్రతిసారీ నిజంగానే దెబ్బలాడుకునేవాళ్ళు. ఒకసారి మూడోవాడు కూడా విడిపించడానికి వెళ్ళాడు, బంతి తన్నడానికి మనిషి మిగల్లేదు. పట్టాల అవతలి వాళ్ళు ఆ ఎత్తు ఆఖరి అయిదు నిమిషాల్లో వేశారు. గోలు.

"అది మనదే," అన్నాడు గోలీ. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మనదే. ఎత్తుకుపోనాడు," అన్నారు వెనకనుంచి ఎవరో.

"పసుపూ మనదే. ఫోన్‌లో సూడు, ఆ స్తంబం సూడు. మన పసుపెట్టుకుని గెలిసినాడు."

వాళ్ళ దగ్గరున్నది వట్టి పసుపు నీళ్ళని నాకొక్కదానికే తెలుసు. ఆ గోలు నాకు ఎంత బాగుందంటే, దాన్ని తిట్టుకోవడానికి రాత్రి భోజనం దాకా పట్టింది. ఆయన ఇంటికొచ్చేసరికి లైన్ అంతా తలుపులు వేసుకుని కిటికీల్లోంచి చూసింది. నేనొక్కదాన్నే అరుగు మీదున్నాను.

"ఇన్నాళ్ళూ మా దగ్గర ప్రాక్టీసు చేసుకున్నారన్నమాట, మేనేజరు గారూ."

"అవునప్పా," అన్నాడు, మెడలో దండ తీసి చేతికి చుట్టుకుంటూ. "ఇక్కడ ఓడిన ఓటములన్నీ అక్కడ పనికొచ్చినాయి." కాసేపు అక్కడే నిలబడ్డాడు. నేనేమైనా అంటానేమోనని నిలబడ్డాడని తెలుసు. 'బాగా ఆడించావు తమ్ముడా' అనడానికి నాలుగు సెకన్లు చాలు. తర్వాత మూడేళ్ళు గడిచాయి, ఆ నాలుగు సెకన్లు నాకు కుదరలేదు.

మంగళవారానికి వస్తాను. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ మనిషి పోతే, దహనానికి ఘాట్‌కి వెళ్ళే ముందు బండి క్లబ్బు దగ్గర ఆగాలి, క్లబ్బు జెండా కప్పాలి. అది ఆనవాయితీ. ఆయన్ని వాళ్ళ మైదానంలోనే పడుకోబెట్టారు, వాళ్ళ జెండా కప్పారు. రెండింటికి అటునుంచి అటే తీసుకెళతారని తెలిసింది. మా జెండా గోలీ చంకలో మడిచి ఉంది. బండిని మా మైదానం దగ్గర ఆపించమని అడగడానికి మేము నలుగురం ఆయన ఇంటికెళ్ళాం. ఆయన భార్య బయల్దేరబోతోంది. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి.

"ఆయన్ని పంపినోళ్ళు మీరు," అంది. "ఎక్కడాపాలో నన్నడక్కండి. సూడాలనుంటే ఆయనెల్లిన దారి మీకూ ఉన్నాది."

వీధిలోకి వచ్చాం. గోలీ జెండాని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. "ఆళ్ళ మైదానంలోకి మనవెలాగ ఎల్తావప్పా?"

"నడిచి," అన్నాను.

పట్టాల మీద కంకర నా మోకాళ్ళకి పడదు. గోలీ చెయ్యిచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే లైన్‌లో సగం మంది వస్తున్నారు.

ఆయన ఎడమ స్తంభం పక్కన, గోల్ గుమ్మంలో పడుకుని ఉన్నాడు. విజిల్ మెడలోనే ఉంది. నాకు మొదట కనిపించింది ఆయన మొహం కాదు, ఆ స్తంభం. ముందురోజు వానకి పసుపు చారలు చారలుగా కారిపోయి, కింద మట్టి పచ్చగా ఉంది. వాళ్ళ సెక్రటరీ, జుట్టు నెరిసిన బెంగాలీ ఆయన, నా దగ్గరకొచ్చాడు.

"మాషీమా, పసుపు అక్కగారు మీరేనా?" అని బెంగాలీలో, పిన్నిగారూ అన్న మర్యాదతో అడిగాడు.

నేను తలూపాను.

"ప్రతి ఆటకి ముందూ మళ్ళీ పూయించేవారు. వానకి నిలవడం లేదు, నూనె ఏదైనా కలుపుదాం దాదా అని ఎన్నిసార్లన్నామో. ఒప్పుకోలేదు. మా అక్క నీళ్ళే అంది, ఆవిడ వచ్చి వేరేగా చెప్పేదాకా నీళ్ళే, అనేవారు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆముదం సీసా. పద్దెనిమిదేళ్ళు అది కొని తెచ్చి, మూత తీసి, చాలా ఇంకొంచెమా అని అడిగి గిన్నెలో వంచిన మనిషి, పసుపులో ఏం కలుపుతావని గోడ మీంచి అడిగాడు. ఆయన అడిగింది ఆముదం సంగతి కాదు. నాకు ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దిన కళ్ళున్నాయి, ఒక్క ప్రశ్న చదవడం రాలేదు. కుర్చీ తెమ్మని ఎవరో అరుస్తున్నారు. వాళ్ళు తెచ్చి నన్ను కూర్చోబెట్టిన కుర్చీ ఆయనదే.

గోలీ మా జెండా విప్పి, దాన్ని వాళ్ళ జెండా మీద వేయాలా కింద వేయాలా తెలియక పట్టుకుని నిలబడిపోయాడు. సెక్రటరీయే ఒక కొస అందుకుని, ఆయన పాదాల మీదుగా కప్పాడు. మీదా కిందా పంచాయితీ రాలేదు. మేము నిలబడ్డ చోటనే నేను అన్నాను, "బాగా ఆడించావు తమ్ముడా." గొంతు బాగానే వచ్చింది. వినవలసిన చెవి ఒకటే లేదు.

మూడో రోజు మధ్యాహ్నం గిన్నెలో పసుపు, చేతిలో ఆముదం సీసా పట్టుకుని మళ్ళీ పట్టాలు దాటాను. పక్కింట్లో మనిషి పోయి మూడు రోజులు కాలేదు, ఇప్పుడు పసుపేమిటని లైన్‌లో ఒకావిడ అంది. గోల్‌పోస్టుకి మైల ఏమిటమ్మా, దానికి తెలిసింది బంతి ఒక్కటే, అన్నాను. మైదానంలో వాళ్ళ పిల్లలు విజిల్ లేకుండానే పరిగెడుతున్నారు. నా చెయ్యి అందినంత మేర నేను పూశాను, పై సగం గోలీ పూశాడు. సెక్రటరీ సీసా పట్టుకుని నిలబడి, "ఇంకొంచెమా, మాషీమా?" అని అడిగాడు. నేను గిన్నె ముందుకు చాపాను.

పూయడం అవుతూండగానే వాన వచ్చింది. అందరూ రేకుల కిందికి పరిగెత్తారు. నేను గొడుగు వేసుకుని ఎడమ స్తంభం దగ్గరే నిలబడ్డాను. వాన బారు మీద పడి, స్తంభం వెంట జారి, కింద మడుగు కడుతోంది. చాలాసేపు చూశాను. నీళ్ళు తెల్లగానే కారుతున్నాయి.