పిసినారి రెడ్డెప్ప ఇంటికి పడమర

ప్రభుత్వ ముద్ర వేయించి మరీ ఒక పెద్దమనిషిని పిసినారిని చేసిన ఘనుణ్ణి నేను. మదనపల్లెలో ఇంటిస్థలం కొని, దస్తావేజు నా చేత్తో నేనే రాసుకున్న పుణ్యం అది. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ ముందు మాత్రం ఈ ఊసెత్తకండి, మళ్లీ మొదటికొస్తుంది.

అప్పట్లో కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి.

"దస్తావేజుల రైటరు దగ్గర రాయించుకోండి. ఊరంతా ఆడనే రాయించుకుంటాండారు," అంది మా ఆవిడ సుజాత.

"వ్యాకరణం చెప్పేవాణ్ణి! నాకు ఇంకొకరు రాసిపెట్టాలా?" అన్నాను.

ఇంటర్నెట్లో నమూనా దొరికింది. హద్దులు స్పష్టంగా, ఎవరైనా గుర్తుపట్టేలా ఉండాలని అందులో ఉంది. నా స్థలానికి తూర్పున రెడ్డెప్ప ఇల్లు. కానీ ఆ వీధిలో రెడ్డెప్పలు ముగ్గురు. మూలమీద టీ అంగడి లక్ష్మమ్మను అడిగాను.

"నా స్థలం పక్కాయన ఏ రెడ్డెప్ప, అమ్మా?"

"పిసినారి రెడ్డెప్ప. ఆ పేరు సెప్తే పుంగనూరు నుంచి వచ్చినోళ్లు గూడా నేరుగా ఆ ఇంటికే పోతారు సామీ."

ఇంతకంటే స్పష్టత ఏం కావాలి? "తూర్పు: పిసినారి రెడ్డెప్ప గారి ఇల్లు" అని రాశాను. 'గారు' చేర్చాను, నా మర్యాద గమనించండి. స్థలం అమ్మిన సోమప్ప "అయ్యోరు రాసింది మళ్లా యాల సదవాల?" అని సంతకం పెట్టేసి కుప్పం బస్సెక్కాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

పునాది తవ్వించి, బ్యాంకులో ఇంటి లోనుకు అర్జీ పెట్టాను. బ్యాంకు వకీలు స్థలం చూడటానికి వచ్చాడు. దస్తావేజు చేతబట్టుకుని, పక్కింటి గోడ దగ్గర నిలబడిన పెద్దాయన్ని పలకరించాడు.

"పెద్దాయనా, పిసినారి రెడ్డెప్ప ఇల్లు ఇదేనా?"

"ఎవుడ్రా ఆ మాట అనింది?"

"నేను కాదు. రిజిస్టరు దస్తావేజులో ఉండాది."

రెడ్డెప్ప నావైపు తిరిగాడు. నేను పునాది గుంతవైపు చూశాను. దూకి దాక్కునేంత లోతు లేదు.

ఆధార్‌లో అలాంటి పేరున్న మనిషి ఉండడు కాబట్టి, హద్దు దిద్దితేనే లోను అని వకీలు తేల్చేశాడు. దిద్దాలంటే అమ్మినవాడు మళ్లీ వచ్చి సంతకం చేయాలి. సోమప్పకు ఫోన్ చేశాను.

"ఎవురనుకున్నావు సార్ ఆయన్ని? నాకు పిల్లనిచ్చిన మామ! ఆయన ఊ అంటేనే వస్తా."

లోను లేకపోతే ఇల్లు లేదు. సుజాత తిట్టడం కూడా మానేసింది, నాకు నిజంగా భయం వేసింది. వెళ్లి రెడ్డెప్ప కాళ్లావేళ్లా పడ్డాను.

"సరే. సాక్షి సంతకం నేనే పెడతా. కానీ రాసింది నా ముందర సదవాల," అన్నాడాయన.

ఈసారి బుద్ధిగా రైటరు దగ్గరికే వెళ్లాం. సోమప్పా వచ్చాడు. రైటరు గొంతు సవరించుకుని సవరణ దస్తావేజు చదవడం మొదలుపెట్టాడు.

"తూర్పు హద్దు 'పిసినారి రెడ్డెప్ప గారి ఇల్లు' అని పొరపాటున వ్రాయబడినందున..."

"ఆపప్పా!" రెడ్డెప్ప లేచి నిలబడ్డాడు. "మళ్లా రాసినావా?"

"తప్పేందో రాయకుండా తప్పు దిద్దేది ఎట్ల పెద్దాయనా? ఆలోచన చెయ్యి. నువ్వు పిసినారి అనేది పొరపాటని గవర్నమెంటు ముద్ర పడతాది. ఇట్లాంటి కాగితం ఈ ఊర్లో ఇంకెవురికుండాది?"

రెడ్డెప్ప ముఖం వెలిగిపోయింది. రైటరు చేతిలోని పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాడు.

"దీన్ని జిరాక్సు తీసి, లామినేషన్ చేయించి నాకొకటి ఇయ్యి అయ్యోరా. వీధిలో అందరికీ చూపించాల. ఖర్చు నీదే," అంటూ ఆ పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రైటరు తన ఖాళీ చేతిని చూసుకున్నాడు.

"సార్, హద్దు మీరు సరిగ్గానే రాసినారు," అన్నాడు.

కాబట్టి మదనపల్లె మొదలు కుప్పం దాకా ఉన్న సమస్త సర్వే రాళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా దస్తావేజు నేను రాసుకోను. అందులో రాయాల్సింది ఎంత పచ్చినిజమైనా సరే!