నునుపు మిషను బేరం

అరకులో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా పనిచేస్తున్న రోజుల్లో నాకు వడ్రంగం పిచ్చి పట్టింది. క్వార్టర్సు వెనక రేకుల పాక వేసుకుని, రంపం, ఉలి, చిత్రిక కొనుక్కుని, ఆదివారమంతా అందులోనే ఉండేవాణ్ణి. అనంతగిరి కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వరోకు చెట్లు కొట్టినప్పుడు పలకలు చవగ్గా దొరికేవి. ఆ కర్రకు ఒక గుణం ఉంది. చిత్రిక పడితే ఒకచోట నున్నగా వస్తుంది, దాని పక్కనే పీచు లేస్తుంది. మంచి వడ్రంగి చేతిలో ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా చేతిలో మాత్రం పీచే లేచేది.

నేను చేసిన మొదటి బల్లను ఆసుపత్రికి బహూకరించాను. నెల తిరక్కుండా డాక్టరుగారి చొక్కాలు రెండు మోచేతుల దగ్గర చిరిగాయి. ఆయన నెమ్మదస్తుడు కాబట్టి బల్ల మీద గోనెపట్టా పరిపించి ఊరుకున్నారు. ఇంట్లో నా భార్యకు అంత మొహమాటం లేదు. చుట్టాలెవరైనా నేను చేసిన స్టూలు వైపు నడిస్తే, "దాని మీద వద్దండీ, ఇలా చాప మీద కూర్చోండి" అని చెయ్యి పట్టుకుని మరీ తప్పించేది.

లోపం నా చేతిలో ఉందని నాకు తోచలేదు, పనిముట్టులో ఉందని తోచింది. విశాఖపట్నంలో ఒక దుకాణం వాళ్ళ ధరల పుస్తకంలో డ్రమ్ము శాండరు బొమ్మ చూశాను. ఇనప బల్ల, దాని పైన గరుకు కాగితం చుట్టిన పొడుగాటి డ్రమ్ము. మోటారు వేస్తే డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. కింద నుంచి పలక తోస్తే అవతలి వైపు నున్నగా బయటికొస్తుంది. ధర చూస్తే స్కూటరు కంటే ఎక్కువ. అయినా ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పానంటే, పుస్తకం తీస్తే చాలు అక్కడే తెరుచుకునేది. డ్రమ్ము పొడవెంత ఉండాలి, బరువెంత, కాగితం ఎన్నాళ్ళు వస్తుంది అని ఒక నోటుపుస్తకం నింపేశాను. అన్నం తినేటప్పుడు ఆ వివరాలన్నీ నా భార్యకు చెప్పేవాణ్ణి. "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది ఆవిడ.

అలా ఉండగా పార్వతీపురంలో కలప కోసే సామిల్లు ఒకటి మూసేస్తున్నారనీ, అందులో పాత శాండరు ఒకటి అమ్మకానికి ఉందనీ తెలిసింది. సెలవు పెట్టి వెళ్ళాను. మిల్లు యజమాని అరవై దాటిన మనిషి. సొంత చేతులతో మిషన్లు నడిపినవాడు కావడంతో అందరూ ఆయన్ను మేస్త్రి అనే పిలిచేవారు.

"ఏటి బాబూ, ఏ మిల్లు మీది?" అన్నాడు.

"మిల్లు కాదు మేస్త్రి గారూ, ఇంట్లోకి."

"ఇంట్లోకా? ఇంట్లోకిదేటి సేసుకుంటారు?"

"బల్లలు చేస్తాను" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన మిషను మీద చెయ్యి వేసి, "సూడండి, ఉన్నమాట సెప్తన్నాను. దీనికి మూడు ఫేజుల కరెంటు కావాల. మీ ఇంట్లో ఉండదు. బేరింగులు అరిగిపోనాయి. నలుగురెత్తితే గాని లేవదు. మీకొద్దు బాబూ" అన్నాడు.

అమ్మేవాడు సరుకును మెచ్చుకోవడమే నేను చూశాను. ఈయన తిడుతున్నాడంటే ఎవరో పెద్ద బేరగాడి కోసం దాచుకుంటున్నాడన్నమాట. నేనంత అమాయకుణ్ణా? ఒక నవ్వు నవ్వి, "మీరు చెప్పిన ధర మీద ఇంకో వంద వేసుకోండి" అన్నాను.

"డబ్బు కోసం కాదు బాబూ."

ఆ మాటకు నేను తీసిన అర్థం, డబ్బు చాలలేదని. మరో వంద పెంచాను. జబ్బు చేసిన పశువు కళ్ళలోకి నేను చూసేటట్టు ఆయన నా కళ్ళలోకి చూశాడు.

"సరే, ఒట్టుకెళ్ళండి. మీరు ఆగేలా లేరు" అన్నాడు. మొదట చెప్పిన ధర మాత్రం తీసుకుని, పైన ఇచ్చింది నా జేబులో తిరిగి పెట్టాడు. బస్సులో వస్తూ, గట్టి బేరమే చేశానని దారంతా మురిసిపోయాను.

నాలుగో రోజున మిషను లారీలో ఘాటు రోడ్డు ఎక్కి వచ్చింది. దించడానికి నలుగురు చాలక ఆరుగురు వచ్చారు.

"ఏటండీ ఇది, చెరకు రసం మిషనా?" అంది నా భార్య. నేను వెళ్ళి కరెంటు లైన్‌మన్‌ను పిలుచుకొచ్చాను.

అతను మోటారు వెనక్కి వంగి చూసి, "దీనికి మూడు ఫేజులండి. మీకున్నది ఒకటే. అమ్మినాయన సెప్పలేదా?" అన్నాడు.

"చెప్పాడు" అన్నాను.

లైన్‌మన్ నా భార్య వంక చూశాడు. ఆవిడ అతనికి టీ ఇచ్చింది. నాకివ్వలేదు.

మూడు వారాలు మిషను పాకలో ఊరికే పడి ఉంది. దాని కింద కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే, "ఇంకా బిగించాలి" అని మాట దాటేసేవాణ్ణి. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం, భుజాన గోనెసంచితో మేస్త్రి మా గుమ్మంలో నిలబడ్డాడు. సంచిలో ఒక ఫేజు మీద నడిచే చిన్న మోటారు, కొత్త బేరింగులు, ఒక పుల్లీ ఉన్నాయి.

"అమ్మగారు కార్డు రాసినారు" అన్నాడు.

నాకు తెలియదు. చూపించమన్నాను. 'మా వారు మీ మాట వినకుండా కొన్నారు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పగలరు' అని రెండే వాక్యాలు ఉన్నాయి. రెండూ నిజమే.

ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దున్నా కూర్చుని ఆయన మోటారు మార్చాడు. స్పానర్లు అందించడం నా పని. అందులోనూ రెండుసార్లు తప్పు స్పానరు ఇచ్చాను. మోటారు వేయగానే డ్రమ్ము హుందాగా తిరిగింది. అది కరెంటు లాగేసరికి వరసలో ఉన్న క్వార్టర్లన్నిట్లో రేడియోల గొంతు ఒక్కసారి తగ్గింది.

మొదటి పలక నేనే తోస్తానన్నాను. ఒక్క దెబ్బకు నునుపు తేలాలని డ్రమ్మును బాగా కిందికి దించి తోశాను. పలక సగంలో ఇరుక్కుంది. పొగ లేచింది. మేస్త్రి ఒక్క గెంతున వచ్చి స్విచ్చి ఆపాడు.

"బేగి అయిపోవాలంటే అవ్వదు బాబూ. కాగితం మందం తియ్యాల, మళ్ళీ కాగితం మందం తియ్యాల. అంతే" అన్నాడు. నేను మళ్ళీ తోశాను. పలక మీద మెట్టు పడింది. ఇంకోసారి తోస్తే ఇంకో మెట్టు పడింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న నా భార్య కొంగు నడుముకు చుట్టి, "నన్నొకసారి తొయ్యనివ్వండి" అంది. తోసింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తొందరపడలేదు. పలక అవతలికి వచ్చాక మేస్త్రి దాని మీద అరచెయ్యి వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు.

"అమ్మగారి సెయ్యి బాగుంది" అన్నాడు.

"మిషను ఇప్పటికి వేడెక్కింది లెండి" అన్నాను నేను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

మేస్త్రి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆదివారం పూట ఇవతల నుంచి ఆవిడ తోసేది, అవతల నిలబడి నేను పట్టుకునేవాణ్ణి. ఎవరైనా చూసి మెచ్చుకుంటే మొదట్లో "నేనే చేశాను" అనేవాణ్ణి. "మేము చేశాం" అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

బదిలీ అయినప్పుడు మిషనును అక్కడే ఒక కుర్చీల కొట్టుకు అమ్మేశాం. అప్పటి సామానులో ఇప్పుడు మా ఇంట్లో మిగిలింది ఒక్క బీరువా. దాని తలుపులు ఎంతో నున్నగా ఉంటాయి, అవి ఆవిడ తోసినవి. సరిగ్గా మూతపడవు. కొలతలు నావి.