తిట్టి ఇంటిదాన్ని చేసుకున్న మా అత్తగారు

మా అత్తగారు నాంచారమ్మగారు మొన్న తెల్లవారుజామున పెడనలో దైవసన్నిధికి చేరుకున్నారు. ముందురోజు సాయంత్రం మాత్ర చేదుగా ఉందని నా వంశాన్నంతా తిట్టిన మనిషి, తెల్లారేసరికి మౌనం వహించారంటే మనసు నమ్మలేదు. పేరు పక్కన ఈ ‘గారు’ చూస్తే ఆవిడ ఆత్మ నొచ్చుకుంటుందని తెలిసీ రాస్తున్నాను.

ఆవిడ మర్యాద ప్రమాదకరమైనది. గిట్టనివారినే ‘అండీ’ అనేవారు. సరుకులో మోసం చేసిన బందరు వ్యాపారి ఒకాయనను “దయచేయండి బాబుగారూ, కాఫీ పుచ్చుకోండి” అని ఆహ్వానించారు. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. కన్నకొడుకు మాత్రం ఎప్పుడూ ‘సచ్చినోడే’. ఎదురింటి సీతామాలక్ష్మి పిన్ని ఆవిడకు బాల్యస్నేహితురాలు. పొద్దున్నే “ఏమే ముసలి పీనుగా, లేచావా?” అని అత్తగారూ, “నీకంటే ముందే లేచానే దొంగమొహమా” అని పిన్నీ అనుకుంటేగానీ మా వీధికి తెల్లవారేది కాదు.

నేను గుడివాడలో బడికి పోకుండా, నాన్నగారి దగ్గరే స్తోత్రాలతో పాటు నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా పుట్టింట ‘ఛీ’ అన్న మాట కూడా వినబడదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు “మీరు కూర్చోండమ్మా” అంటుంటే ఎంత సంస్కారమో అని పొంగిపోయాను. పిన్నే నా భ్రమ తొలగించింది.

“పిచ్చిపిల్లా, అది నిన్నింకా చుట్టంగానే చూస్తంది. తిట్టిన రోజునే నువ్వు దాని కోడలివైనట్టు.”

ఆనాటినుంచి దీపం పెట్టి ఒకటే వేడుకునేదాన్ని: స్వామీ, అత్తగారి చేత నన్నొక్క తిట్టు తిట్టించు. ఒకనాడు అన్నం మాడింది. లోపల ఆశ పుట్టింది. “పర్వాలేదమ్మా, మాడింది నేను తింటాను, మీరు మంచిది తినండి” అన్నారు. గదిలోకి వెళ్లి ఏడ్చాను.

చివరికి స్వామి ఆలకించాడు. మాది కలంకారీ అద్దకం పని. అచ్చులు వేసేముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. లేకపోతే రంగు పట్టదు. నాకా సంగతి తెలియదు. దండెం మీద పసుపుపచ్చగా, వగరు వాసనతో వేలాడుతున్న తానులను చూసి, పాపం మాసిపోయాయనుకుని సబ్బు పెట్టి ఉతికేశాను. అత్తగారు వచ్చి చూశారు. తెల్లబడిన తానును చేత్తో తడిమి, వాసన చూశారు. ఆ తర్వాత వచ్చింది తిట్టు.

“నీ చేతులు పడిపోను, ముదనష్టపుదానా! వారం పని కాలవలో కలిపావు గదే!”

నా కళ్లు చెమర్చాయి. నవ్వు ఆగలేదు. వంగి పాదాలకు నమస్కరించాను.

“ఒరేయ్ సచ్చినోడా, నేను తిడతంటే నీ పెళ్లాం దండం పెడతందేంట్రా” అని కొడుకును కేకేసి, నా వైపు తిరిగారు. “లే, నీ దుంపతెగ. పొద్దుట్నించీ తానులు బాదావు, అన్నం తిని చావు.”

ఆ పూట తిన్నది నాకు మహాప్రసాదం. ఆనాటితో ‘మీరు’ పోయింది. నా జ్వరాల్లో, పురుళ్లలో, నాన్నగారు పోయిన దుఃఖంలో ఆ తిట్లే నాకు రక్షాకవచాలయ్యాయి. తల్లి ప్రేమకు అంతటి నిష్కల్మషమైన భాషను నేను మరెక్కడా వినలేదు. ఆ పుణ్యమూర్తి పాదాలకు శతకోటి వందనాలు.

ఇప్పుడు పరామర్శకు వచ్చేవారందరూ ఎంతో మంచివారు. “నాలుగు మెతుకులు తినండమ్మగారూ, మీరే ఇలా అయిపోతే ఎలా” అని మెత్తగా బతిమాలుతున్నారు. అందరికీ కృతజ్ఞురాలిని. ఒక్కరు కసిరితే బాగుండును, లేచి తిందును.