చింతపండు పొట్లంలో పదివేల మీటర్లు

మొన్న గురువారం నేను చెప్పులు లేకుండా, టికెట్టు లేకుండా, చేతిలో అరకిలో తూకపు రాయి పట్టుకుని చీపురుపల్లి వెళ్లొచ్చాను. నవ్వకండి! కావాలని వెళ్లలేదు. ముందు టీ తాగండి, చల్లారిపోతుంది. అంతా చెప్తాను.

ఆమదాలవలస స్టేషను రోడ్డులో మా కిరాణా కొట్టు మీకు తెలిసిందే. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనే. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. పెళ్లయి ఈ కొట్టులోకి వచ్చాక, పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందులో నాకు ఆటల పేజీ అంటే ప్రాణం. క్రికెట్ కాదండోయ్. రోజుల తరబడి ఆడి చివరికి డ్రా అంటారు, ఆ గొడవ నాకెందుకు? పరుగు పందెం అయితే ముందు వచ్చినవాళ్లే గెలిచినట్టు. చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఒకసారి ఎవరో అమ్మాయి పొడుగాటి గడ ఊతం చేసుకుని, మేడ ఎత్తున ఉన్న అడ్డకర్ర మీద నుంచి పక్షిలా దాటుతున్న ఫోటో వచ్చింది. ఆ కాగితంలో కందిపప్పు కట్టడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పటికీ బియ్యం డబ్బా మూత లోపల అంటించి ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, పాత పేపర్లు మాకు కట్టలు కట్టలుగా వస్తాయి. వాటికి ఒక వరస ఉండదు. ఒకే మనిషి మా కొట్లో సోమవారం బంగారు పతకం గెలుస్తుంది, బుధవారం కాలు బెణికి మంచమెక్కుతుంది, శనివారం మొట్టమొదటిసారి పోటీలకి ఎంపికవుతుంది!

పదివేల మీటర్ల పరుగులో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఒకామెది కెన్యా, ఇంకొకామెది ఇథియోపియా. ఆ పేర్లు నా నోట పలకవు, పలికినా నిలవవు. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. కెన్యా ఆమె నవ్వులమ్మ. ఏ ఫోటోలో చూడండి, ఓడిపోయినా నవ్వుతూనే ఉంటుంది. ఇథియోపియా ఆమెవి పొడుగాటి సన్నని కాళ్లు. అందుకని ఆమె కొంగ. నవ్వులమ్మ మొదటి చుట్టు నుంచీ అందరికంటే ముందు ఉండి గాలికి ఎదురు పరిగెడుతుంది. కొంగ ఆమె వెనకాలే నీడలా నడిచి, ఆఖరి చుట్టులో చటుక్కున దాటేస్తుంది. నేను నవ్వులమ్మ మనిషిని. చాకిరీ అంతా చేసినదానికి ఫలితం దక్కొద్దా?

ఇక నా సంగతి. ఈమధ్య నాకు మతిమరుపు వస్తోందేమోనని భయం పట్టుకుంది. మా అమ్మ ఆఖరి రోజుల్లో నన్నే చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంది. ఆ మాట నాకింకా చెవిలో ఉంది. కిందటి నెల తౌడు బస్తా చూసుకుందామని మా వియ్యపురాలి తమ్ముడు, అంటే కోడలి మేనమామ, లోపలి గదిలోకి వెళితే, ఆయన్ని లోపలే పెట్టి తాళం వేసుకుని భోజనానికి ఇంటికి వెళ్లిపోయాను. పాపం, మంచివాడు. అరవలేదు. అటుకులు తింటూ కూర్చున్నాడు.

ఆ రోజే మా అబ్బాయి రమణ తేల్చి చెప్పేశాడు. "అమ్మా, ఇంకొక్కసారి ఇలాటిది జరిగిందంటే గల్లా కాడ సుజాత కూకుంటాది. నువ్వు ఇంట్లో రెస్టు తీసుకుందువు గాని."

రెస్టు! కోడలు సుజాత మంచి పిల్లే, లెక్కల్లో నాకంటే చురుకు. కానీ గల్లా దగ్గర నుంచి లేచిపోయాక నేనేం చెయ్యాలి? గోడ చూస్తూ కూర్చుంటే ఉన్న కాస్త మతీ పోదూ?

సరే, గురువారం పొద్దున్న. మా ఎదుటి షాపు టైలరు సింహాచలం వచ్చి, చేతిలోవన్నీ బల్ల మీద పడేసి, "పిన్నీ, కిలో పంచదార" అన్నాడు. ఇంతలో పోలమ్మ పరుగెత్తుకొచ్చింది. సముద్రం పక్క ఊరి మనిషి. ఎండుచేపల బుట్టతో మా ఊళ్లో రైలెక్కి చీపురుపల్లి వెళ్లి అమ్ముకుంటుంది.

"సావుకారమ్మా, అరకిలో సింతపండు ఎట్టీ. పాసింజరు వచ్చేస్తన్నాది!"

ముందు ఆమెకి తూచాను. చేతికందిన పేపరు తీసి, అలవాటు ప్రకారం నిలువునా రెండుగా చింపి, కుడిచేతి ముక్కలో చింతపండు పెట్టి పురికొస చుట్టి ఇచ్చాను. పోలమ్మ వెళ్లిపోయింది. పంచదార తూచడానికి మళ్లీ రాయి చేతిలోకి తీసుకున్నానో లేదో, బల్ల మీద మిగిలిన ఎడం ముక్క మీద నా కన్ను పడింది. నవ్వులమ్మ!

చదివాను. ప్రపంచ పోటీలు. పదివేల మీటర్లు. నవ్వులమ్మ ముందు, కొంగ వెనక. ఆఖరి చుట్టు గంట మోగింది. ఆఖరి మలుపు తిరిగారు. అప్పుడు...

అప్పుడు ఏముంది? చిరుగు ఉంది!

హెడ్డింగు కూడా సగమే ఉంది. "హోరాహోరీ పోరులో" అని ఆగిపోయింది. సరే, పోనీ అనుకుందును. కానీ ఇది నేను ఇదివరకే చదివాను అనిపించింది. ఆ మలుపు, ఆ గంట, అన్నీ తెలిసినవే. మరి ఎవరు గెలిచారు? ఎంత తన్నుకున్నా గుర్తు రాదే! ఇలాగే మొదలవుతుంది కాబోలు, ముందు పందేలు పోతాయి, తర్వాత మనుషులు పోతారు.

అక్కడికక్కడ నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. 'నవ్వులమ్మే గెలిచింది. నాకు లీలగా గుర్తుంది. ఆ రెండో ముక్కలో అదే ఉంటే నా బుర్ర బాగున్నట్టు. లేకపోతే సాయంత్రం నేనే గల్లా తాళాలు సుజాత చేతిలో పెట్టేస్తాను.'

అంతే, గల్లా దిగి పరుగు.

"పిన్నీ! నా పంచదారో?" అని సింహాచలం కేక.

"నువ్వే తూచుకోరా!"

"రాయి నీ సేతిలోనే ఉన్నాది పిన్నీ!"

నాకు వినపడితే కదా. ఈ వయసులో నేను పరిగెత్తడం చూసి స్టేషను రోడ్డు రోడ్డంతా నిలబడిపోయింది. ఎవరో రిక్షా ఆపి, "మామ్మా, దొంగ ఎటెల్లాడు?" అని అడిగారు కూడా.

పాసింజరు ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఆడవాళ్ల పెట్టెలో పోలమ్మ బుట్ట కనిపించింది. ఎక్కేశాను. పోలమ్మ నన్ను చూసి, నా చేతిలో రాయిని చూసి, బుట్ట అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! ఏటి సావుకారమ్మా, రాయట్టుకొచ్చీసినావు? నన్ను కొడతావేటి? తూకం ఎక్కువ ఎట్టీసినావా?"

"తూకం కాదే పోలీ, కాగితం! నా కాగితం ఇచ్చెయ్యవే!"

"సింతపండు ఇచ్చి కాగితం ఎనక్కి అడిగితే ఎలగ? ఒళ్లో పోసుకోనా?"

ఈ మాటల్లో ఉండగానే రైలు కదిలింది.

దూసిలో దిగిపోవచ్చు. కానీ అప్పటికి పొట్లం ఇంకా బుట్ట అడుగున, ఎండు నెత్తళ్ల కింద ఉంది. పొందూరులో దిగిపోవచ్చు. కానీ అప్పటికి పొట్లం విప్పాం గాని చింతపండు కాగితానికి బంకలా పట్టేసి ఊడి రాలేదు. నలుగురు ఆడవాళ్లం చుట్టూ చేరి, పుండు మీద కట్టు విప్పినట్టు మెల్లమెల్లగా ఒలిచాం. తీరా ఒలిచాక చూసుకుంటే నా కళ్లజోడు గల్లాపెట్టె మీదే ఉండిపోయింది! పోలమ్మకి చదువు రాదు. అటు మూల సీటులో విజయనగరం కాలేజీకి వెళ్లే పిల్ల ఒకతె ఉంటే పోలమ్మే పిలిచింది.

"ఓ గుంటా, ఇలగ రా. ఇది సదివి ఈ ముసలమ్మకి సెప్పు, నేకపోతే రాయుచ్చుకుని ఒగ్గేలాగ నేదు."

ఆ పిల్ల చదవడానికి ముందే పెట్టెలో ఆడవాళ్లందరికీ కథ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. వెంటనే పెట్టె రెండుగా చీలిపోయింది. కూరగాయల వాళ్లందరూ నవ్వులమ్మ వైపు. చేపల వాళ్లందరూ కొంగ వైపు.

"ఎనకాల ఉండి ఆఖర్న దాటడం కూడా తెలివే. తప్పేటి?" అంది పోలమ్మ.

"తెలివి కాదే, దొంగతనం!" అని వంకాయల ఆవిడ.

"నీ ఇంట్లో నానేటి ఎత్తుకుపోనాను, నన్ను దొంగంటావేటి?"

"నిన్ను కాదే, ఆ కొంగని!"

"కొంగనంటే నన్నన్నట్టే!"

"ఉండండే బాబూ!" అని నేను అరిచాను. "చదువమ్మా నువ్వు."

ఆ పిల్ల అసలు పేర్ల చోట నేను పెట్టిన పేర్లే పెట్టి చదివింది. "ఆఖరి వంద మీటర్లు. కొంగ పక్కకి వచ్చింది. నవ్వులమ్మ వదల్లేదు. భుజం భుజం రాసుకుంటూ పరిగెడుతున్నారు." ఎదుటి సీటావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా, బయటి వైపు నుంచి..."

"బయటి వైపు నుంచా?"

"బయటి వైపు నుంచి ఎవరూ ఊహించని ఒక కొత్తమ్మాయి ఇద్దరినీ దాటేసి గెలిచింది మామ్మా. పంతొమ్మిదేళ్లట. దేశం తరఫున పరిగెత్తడం ఇదే మొదటిసారట." పేరు కూడా చదివింది. పొడుగాటి పేరు.

పోలమ్మ పడీపడీ నవ్వింది. "ఆలిద్దరూ ఒకల మొకం ఒకలు సూసుకుంటంటే మూడోది ఎత్తుకుపోనాది! అచ్చం సంతలో బేరమే!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వులమ్మ గెలవలేదు. నాకు గుర్తుందనుకున్నది అబద్ధం. అంటే నా బుర్ర అయిపోయినట్టే. గల్లా తాళాలు బొడ్లో ఉన్నాయి. అవి తడుముకుంటూ, అసలు ఇంత విచిత్రమైన పందెం చదివి కూడా మరిచిపోయానా అని కూలబడిపోయాను. కన్నీళ్లు వచ్చేశాయి.

"ఏమైంది మామ్మా?" అంది కాలేజీ పిల్ల.

"ఇది నేను ఇదివరకే చదివానమ్మా. ఒక్క ముక్క గుర్తు లేదు."

ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పై అంచున అంటుకున్న చింతపిక్కను గోటితో గీకింది.

"ఎలా చదువుతావు మామ్మా? ఇది ఇవాళ్టి పేపరే! పందెం జరిగింది నిన్ననే."

"ఆఁ?"

"గురువారం. ఇదిగో తారీఖు."

అప్పుడు వెలిగింది! సింహాచలం వస్తూ వస్తూ బల్ల మీద పడేసినది వాడు రోజూ తెప్పించుకునే పేపరు. ఇన్నేళ్లుగా మా బల్ల మీద ఉన్న కాగితమంతా పాతదే కనక, చేతికి అందింది అందినట్టు చింపేశాను. ఇంకా మడత కూడా నలగని పేపరు! ఆ ఇద్దరూ ఎప్పుడూ అలాగే పరిగెడతారు కనక తెలిసిన పందెంలా అనిపించింది గాని, నేనెప్పుడు చదివానని? మరిచిపోవడానికి ముందు తెలియాలి కదా! జన్మలో మొదటిసారి, పందెం జరిగిన మర్నాడే నాకు ఫలితం తెలిసింది. అదీ అచ్చు ఆరకముందే చింతపండు పెట్టాను.

అప్పుడు నవ్వాను. ఎంత నవ్వానంటే పోలమ్మ భయపడి మంచినీళ్లు ఇచ్చింది.

కాలేజీ పిల్ల తన సెల్లు తీసి, "ఇంట్లో కంగారు పడతారు, నంబరు చెప్పు మామ్మా" అంది. తడుముకోకుండా గడగడా చెప్పేశాను. చెప్పాక నాకే ఆశ్చర్యం వేసింది.

"అమ్మా! ఎక్కడున్నావే?" రమణ గొంతు పెట్టె అంతా వినపడింది.

"సిగడాం దాటుతున్నాను."

"సిగడామా! ఎందుకు?"

"పదివేల మీటర్ల పందెం గురించిరా."



చీపురుపల్లిలో పోలమ్మ తన బేరం పక్కన పెట్టి, నాకు తిరుగు టికెట్టు కొనిచ్చి, రైలు వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది. "సావుకారమ్మా, ఇంకోపాలి పందెం ఉంటే ముందే సెప్పు. నాను సేపలు మానేసి వస్తాను" అంది.

మధ్యాహ్నానికి కొట్టుకి చేరాను. గల్లా దగ్గర సింహాచలం కూర్చుని ఉన్నాడు. రమణ గుమ్మంలో, సుజాత లోపల. నేనే మొదలుపెట్టాను.

"చూడు రమణా. కొట్టు వదిలి వెళ్లడం తప్పే. కానీ మరిచిపోయి వెళ్లలేదు, తెలిసే వెళ్లాను. దానికీ దీనికీ తేడా ఉంది."

"తెలిసే టికెట్టు నేకుండా చీపురుపల్లి ఎల్లావా?"

"వెళ్లాను. ఎక్కడెక్కడ ఆగిందో చెప్పమంటావా? దూసి, పొందూరు, సిగడాం. పెట్టెలో ఎవరు ఏ పక్షమో చెప్పమంటావా?" అని మొదటి నుంచి ఆఖరిదాకా అంతా చెప్పాను. ఎవరు ఏమన్నారో, ఎక్కడ చింతపండు ఊడిందో, ఒక్క ముక్క వదల్లేదు. సుజాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"మామయ్య అటుకుల సంగతి తప్ప అత్తయ్య ఏటీ మరిసిపోనేదండీ" అంది రమణతో. "గల్లా నాకొద్దు. అత్తయ్యనే ఉండనీండి."

రమణ కూడా నవ్వేశాడు. "సర్లే. గల్లా నీదే. రేపటి నుంచి నీ పేరు మీద కొత్త పేపరు ఏయిస్తాను. చింపకుండా సదువుకో."

నాకు ఏనుగెక్కినట్టుంది. అప్పుడు ఆ సింహాచలం, ఊరుకోవచ్చు కదా, "నా పేపరు పోతే పోనాది గాని పిన్నీ, ఇంతకీ గెలిచిన ఆ కొత్తమ్మాయి పేరేటి?" అన్నాడు.

నోరు తెరిచాను.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. రమణ నా ముఖంలోకి చూస్తున్నాడు. సుజాత చూస్తోంది.

"పేరు దగ్గర చింతపండు అంటుకుపోయిందిరా. ఆ పిల్లకి కనపడలేదు" అన్నాను.

నమ్మారు. మీరు మా రమణతో అనకండేం. ఉన్న ఒక్క సాక్ష్యం ఆ కాగితం. పోలమ్మ ఈపాటికి దాంతోనే పొయ్యి రాజేసి పులుసు పెట్టేసి ఉంటుంది.