షెడ్డులో న్యాయం, ఇంట్లో న్యాయం

ఉద్యోగుల్ని కన్నబిడ్డల్లా చూసుకునే కంపెనీల గురించి ఈ మధ్య పేపర్లలో తరచూ రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కన్నబిడ్డల్ని ఉద్యోగుల్లా చూసుకున్నా చాలునని మా అక్క అనుకున్న రోజులు గుర్తొస్తాయి.

అరవైల్లో మాట. మా నాయన బిట్రగుంటలో రైలింజన్లుండే లోకోషెడ్డులో ఫోర్‌మన్. రైల్వే కాలనీలో ఆయనంటే అందరికీ గురి. డ్యూటీ దిగొచ్చిన డ్రైవరు నిద్రపోతుంటే ఆ ఇంటి ముందు మమ్మల్ని ఆడుకోనిచ్చేవాడు కాదు. కుటుంబ ప్రార్థనలో మా పేర్లకంటే ముందు, ఇంజన్లో బొగ్గు వేసే ఆయన ఫైర్‌మన్ల పేర్లు వచ్చేవి. షెడ్డులో ఎవరి మీద ఫిర్యాదొచ్చినా ఆయన పద్ధతి ఒకటే. ఆ మనిషిని తన గదికి పిలిచి, ఎదురుగా కూచోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఏం జరిగిందో నువ్వు చెప్పు అనేవాడు. అంతా విన్నాకే శిక్షయినా, మందలింపయినా. కిందివాళ్లను నిలబెట్టి మాట్లాడే ఆ కాలంలో అది పెద్ద వింత.

ఆ పద్ధతి మా ఇంటి గడప మాత్రం దాటి రాలేదు. కంపెనీల దగ్గర తల్లిదండ్రులు నేర్చుకోవాల్సింది ఏమన్నా ఉంటే, నా దృష్టిలో అది శిక్షకు ముందు అడిగే ఆ ఒక్క ప్రశ్నే.

అక్క రోజూ రైల్లో కావలికి వెళ్లి చదువుకునేది. టీచరు కావాలని తన ఆశ. పెద్దపరీక్ష దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం, ఎప్పుడూ వచ్చే ప్యాసింజరుకు రాలేదు. దాని తర్వాత బండికి, దీపాలు పెట్టాక వచ్చింది. ఇంకో తండ్రికైతే బండి ఆలస్యమైందేమోనన్న అనుమానమన్నా వచ్చేది. మా నాయనకు ఆ అవకాశమూ లేదు. ప్యాసింజరు వేళకే వచ్చింది. దాని ఇంజను షెడ్డుకు చేరింది. డ్రైవరుతో ఆయనే మాట్లాడాడు. బండి తప్పు లేదు కాబట్టి తప్పు పిల్లదేనని తేల్చేశాడు.

రేపట్నుంచి బడి లేదని గుమ్మంలోనే చెప్పేశాడు. అక్క నోరు తెరవబోతే వినకుండా లోపలికి వెళ్లిపోయాడు.

జరిగింది ఇంతే. కావలి స్టేషన్లో తనతో చదివే పిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. మిగతావాళ్లు బండెక్కేశారు. ఆ పిల్ల ఇంటివాళ్లొచ్చేదాకా అక్క తన పక్కనే కూచుంది. వంటింట్లో అమ్మకూ నాకూ ఏడుస్తూ చెప్పింది. ఆ మాట నాయన చెవిన వెయ్యాలని అమ్మ చాలాసార్లు చూసింది. ఎత్తుకున్నప్పుడల్లా, పిల్లను వెనకేసుకొస్తున్నావా అని ఆమె మీదా ఎగిరాడు. పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి. అక్క ఇంట్లో బియ్యం ఏరుతూ కూచుంది.

ఎండాకాలంలో ఒక ఫైర్‌మన్ భార్యతో, చంటిబిడ్డతో మా ఇంటికొచ్చాడు. భార్యకు నొప్పులొచ్చి, సాయానికి ఎవరూ లేక అతను డ్యూటీకి వెళ్లలేదట. బండి అతని వల్ల ఆలస్యమైంది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు. నాయన కూచోబెట్టి అడిగి, సంగతి తెలుసుకొని, మందలించి వదిలేశాడు. అందుకని బిడ్డను చూపించి పోదామని వచ్చారు. మజ్జిగ తెచ్చిన అక్క చెయ్యి పట్టుకుంది ఆ తల్లి.

"ఇట్టాంటి నాయన దొరకడం నీ అదృష్టం పాపా. తప్పు చేసినోళ్లని గూడా అడిగి తెలుసుకుంటాడు."

అక్క గొంతు పెంచలేదు.

"అదృష్టం మీ ఆయనదక్కా. ఆయన షెడ్డులో పని చేస్తా ఉండాడు. నేను ఇంట్లో ఉండాను."

వాళ్లకేమీ అర్థం కాలేదు. నాయనకు అర్థమైంది. వాళ్లు వెళ్లాక అక్కను పిలిచి కూచోమన్నాడు. ఆ దినం ఏం జరిగిందని అడిగాడు. అక్క కూచోకుండానే చెప్పింది. అంతా విని ఆయన, వచ్చే ఏడు రాద్దువులే అన్నాడు. పొరపాటైందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మరుసటేడు అక్క పరీక్ష రాసి పాసైంది. టీచరూ అయింది. నాయన కూడా మారాడు. బళ్లో ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ అడిగేవాడు. అడిగినదానికి అడిగినంతవరకు అక్క మర్యాదగా జవాబు చెప్పేది. ఆయన పోయేదాకా, అడగని మాట ఒక్కటి కూడా తనంతట తాను ఆయనతో చెప్పలేదు.