జపాను బండికి రెండు ధరలు

మా ఆయనకు చిన్నతనంలో కట్లపాము కరిచింది. పెళ్లయిన కొత్తలో ఆయన నాకు చెప్పుకున్న మొదటి సంగతి అదే. పర్ణశాల అవతల అడవి అంచున వాళ్ల ఊరు. ఆ రోజు మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మందులు పంచడానికి ఆ ఊరికి వచ్చి ఉందట. ఆమెకు జపాను కారొకటి ఉండేదట. ఆ వాన రాత్రి దాని వెనక సీట్లో ఈయన్ను పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయి, సూదులిచ్చి బతికించిందట. వినగా వినగా నాకు కంఠతా వచ్చిన కథ ఇది. చెప్పిన ప్రతిసారీ ఆయన ఒక్కచోట ఆగేవాడు.

"కండ్లు మూతలు పడుతుంటె ముందట డ్రైవరు కాడ పచ్చలైటు ఒకటి కనపడ్డది. దాన్నే చూసుకుంట పోయిన. అది కనపడ్డంతసేపు నేను బతికే ఉన్న అనుకున్న," అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి రోజులవి. మేం జూలూరుపాడులో ఉండేవాళ్లం. ఆయన కొత్తగూడెం, ఏన్కూరు మధ్య జీపు తోలేవాడు. నేను ఇంటి ముందు రేకుల పంచలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేదాన్ని. ఒకరోజు జీపెక్కిన మనిషెవరో మాటల్లో, ఖమ్మంలో పాత బండ్లు కొని అమ్మే ఒకాయన దగ్గర జపాను కారు పడి ఉందని, అదేదో మిషనోళ్లదని చెప్పాడట. ఆ సాయంత్రం మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఆదివారం మా ఏసు గుడిలో ప్రార్థన అయిపోగానే ఇద్దరం ఖమ్మం బస్సెక్కాం.

ఊరి చివర ఇటుకబట్టీల పక్కన ఉంది ఆయన షెడ్డు. యాభై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, మెడలో తువ్వాలు. అందరూ సేటు అనే పిలుస్తారు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. టార్పాలిన్ లాగి బండి చూపించాడు. ఏ రంగో చెప్పలేం. ముందు మడ్‌గార్డులో తుప్పు తిన్న చోట నా వేలు దూరింది. ఒక హెడ్‌లైటు లేదు. స్టీరింగ్ కింద కందిరీగలు గూడు పెట్టుకుని పోయాయి. అయినా దాని వెనక భాగం పొడుగ్గా, నిండుగా ఉంది. మనిషిని కాళ్లు చాపి పడుకోబెట్టవచ్చు. మా ఆయన వెనక తలుపు మీద చెయ్యి పెట్టి, అలాగే నిలబడిపోయాడు.

"ఇది మా దిక్కు డాక్టరమ్మ బండేనా సేటూ?" అని అడిగాడు చివరికి.

"నాకు అమ్మినాయన మిషనోళ్లది అన్నడు. అవ్ అని నేను చెప్పను, కాదని కూడ చెప్పను," అన్నాడు సేటు.

"ఎంతకిస్తవు?"

"రెండు ధరలున్నయ్. ఉన్నదున్నట్టు తీస్కపోతె పాత ఆటో ధర. నేను బాగుచేసి, తాళం తిప్పంగనె లేచేటట్టు చేసి ఇస్తె కొత్త జీపు ధర."

మా ఆయన ముఖం చూస్తే కొత్త జీపు ధరకు తల ఊపేసేలాగే ఉన్నాడు. నాకేమో ఆ రెండు ధరల మధ్య దూరం వింతగా తోచింది. బండి అదే, సేటూ అతనే. మధ్యలో ఉన్నదల్లా చేస్తానన్న మాట ఒక్కటి. ఆ మాటకు అంత విలువ ఎలా కట్టాడో తెలుసుకోవాలనిపించింది.

"రెండిటి నడుమ అంత తేడా ఏంది సేటూ?" అన్నాను.

"లోపట తుప్పు ఎంత తిన్నదో విప్పితెగాని తెల్వదు చెల్లె. సామాను ఎక్కడ దొరుకుతదో తెల్వదు. తెల్వనిదానికి ధర ఎక్కువనే ఉంటది."

నాకు నవ్వొచ్చింది. నా దగ్గరికీ పాత జాకెట్లు తెస్తారు, వదులు చేయమని. కొత్తది కుట్టడం కన్నా అదే కష్టం. కుట్టు విప్పేదాకా లోపల గుడ్డ ఎంత మిగిలి ఉందో తెలియదు. ఎక్కువ అడిగితే 'పాతదే కదమ్మా' అని కొట్లాటకొస్తారు. సేటు బాధ నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే బేరం కూడా తెలిసింది.

"అట్లయితె ఒక పని చేద్దాం. ఇయ్యాల పాత ఆటో ధరకు బండి మాది. బాగుచేసేటిది మొత్తానికి ఒక్క ధర వద్దు. ఇంజన్ చేసినంక మేం వచ్చి చూసి ఇంజన్ పైసలిస్తం. రేకు పని చేసినంక రేకుయి ఇస్తం. సీట్లు నేనే కుట్టుకుంట," అన్నాను.

"గట్ల ఎవ్వరు అడగలేదు ఇప్పటిదాంక."

"నువ్వు కూడ దీన్ని శాన దినాలసంది అమ్మలేకపోతున్నవు గద."

సేటు మా ఆయన వైపు చూశాడు. ఆయన తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. "మీ ఆమెతోని ముందుగాల మాట్లాడాల్సింది నేను," అని సేటు టీ తెప్పించాడు.

రెండో జీపు కోసం దాచుకున్న డబ్బు దానికి పోయింది. మా ఆడపడుచు ఫోన్ చేసి పిచ్చి పట్టిందా అని అడిగింది. తుప్పు బండికి ఎవరైనా అంత పోస్తారా అని గుడిలో కూడా అనుకున్నారు. నేను మాత్రం అది కారుకు పోసిన డబ్బు అనుకోలేదు. ఆయనకు ఆ రాత్రంతా ఎదురుగా వెలిగిన లైటు ఏదో చూడాలని నాకూ ఉండేది.

దసరాకు బండి లేస్తుందన్నాడు సేటు. దసరాకు వెళ్తే ఇంజన్ ముక్కలు ముక్కలై కిరసనాయిలు పళ్లెంలో ఉంది. క్రిస్మస్‌కు అన్నాడు. అప్పటికి చక్రాలు కూడా ఊడదీసి బండిని ఇటుకల మీద నిలబెట్టారు. వెళ్లినప్పుడల్లా మా ఆయన నీరుగారిపోయేవాడు. నాకేమో వెళ్లాలని ఉండేది. ఏ ముక్క ఎందుకు, అది ఎక్కడి నుంచి వస్తుంది అని సేటును అడిగేదాన్ని. అద్దం చుట్టూ పట్టే రబ్బరు బొంబాయి పాత సామాన్ల బజారులో దొరికిందని చూపించాడు. ఒక పళ్ల చక్రం ఎక్కడా దొరక్క లేతు మిషన్ మీద చెక్కించాడు. అది మూడుసార్లు చెడిందట, ఆ మూడింటికీ మా దగ్గర డబ్బు తీసుకోలేదు. "ముందుగాల కొత్త జీపు ధర చెప్పిన గద, అండ్ల ఇవన్నీ ఉన్నయ్. నువ్వు తెలివిగ తప్పించుకున్నవు," అనేవాడు నవ్వుతూ. కోపం లేదు గాని, ఆ మాటలో కొంత నిజం ఉంది.

సీట్లను జీపు మీద కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. పంచలో చాప పరిచి విప్పడం మొదలుపెట్టాను. పైన చిరిగిన నల్ల రెగ్జిన్. దాని కింద ఇంకో పొర, గీతల గుడ్డ, ఎవరో చేత్తో వేసిన పెద్ద పెద్ద కుట్లు. ఆ కింద కొబ్బరి పీచు. పీచు ఎత్తి దులిపితే చాప మీద ఇసుక రాలింది. మొదట గోదారి ఇసుకే అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే అందులో చిన్న చిన్న గవ్వలు, బియ్యపు గింజంత సన్నవి కొన్ని, విరిగినవి కొన్ని. సముద్రం ఒడ్డున ఏరుకునే రకం.

మా ఆయనను పిలిచి చెయ్యి చాపి చూపించాను. చాలాసేపు చూశాడు.

"డాక్టరమ్మ సముద్రం దిక్కు పోయి ఉంటదేమో," అన్నాడు.

"పోయి ఉంటది," అన్నాను. ఇద్దరం నమ్మలేదు.

మరుసటిసారి సేటును అడిగితే దాచలేదు. "విశాఖ దిక్కు కొన్న. మిషనోళ్లది అన్నడు, ఏ మిషనో నేనడగలె. ఆ మాటకు మీ దగ్గర నేను పైసలేం తీసుకోలె గద," అన్నాడు. అదీ నిజమే. ఆ మాటకు ధర కట్టుకున్నది మేమే.

డాక్టరమ్మ దగ్గర అప్పట్లో డ్రైవరుగా చేసినాయన ఏన్కూరులో కూతురింట్లో ఉంటున్నాడని గుడి వాళ్ల ద్వారా తెలిసింది. బండి లేచాక ముందు ఆయనకే చూపిద్దామన్నాడు మా ఆయన. ఎండలు మొదలయ్యే వేళకు బండి నిజంగానే లేచింది. రంగు ఇంకా వేయలేదు, ఒళ్లంతా బూడిదరంగు పూతే. నేను కుట్టిన మట్టిరంగు సీట్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. దారిలో మా ఆయన చెవి ఇంజన్ మీదే పెట్టాడు.

పెద్దాయన వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు మందగించినట్టుంది, లేచి వచ్చి బండిని చేత్తో తడిమాడు. చుట్టూ తిరిగాడు. వెనక తలుపు తీసి, వేసి, మళ్లీ తీశాడు.

"ఇది కాదు బిడ్డా," అన్నాడు. "కంపెనీ అదే. మా బండికి ఈ తలుపు పైకి లేస్తుండె. ఇది పక్కకు తెరుసుకుంటది. మా బండి ఇరుసు ఇరిగి బెజవాడల తుక్కు కింద పోయింది. నేనే అప్పజెప్పి వచ్చిన."

మా ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తను ఎవరో చెప్పాడు. పాము, వాన, ఊరు, అన్నీ చెప్పాడు. పెద్దాయన ముఖం మెల్లగా మారింది.

"ఆ పిలగాడివి నువ్వేనా? బతికినవని తెలుసు. చూసింది లేదు." ఆయన బండి వైపు తిరిగాడు. "కని, నిన్ను ఆసుపత్రికి తీసుకపోయింది మా బండి కాదు గద."

"ఏంది?" అన్నాడు మా ఆయన.

"ఊరు దాటినంక వాగు వచ్చింది. బండి నడుమ వాగుల ఆగిపోయింది. ఇంజన్లకు నీళ్లు పోయినయ్. డాక్టరమ్మ దిగింది, నడుముల కాడికి నీళ్లు. మీ ఊరి కోయోళ్లు నలుగురు నిన్ను భుజాల మీద ఎత్తుకుని అవతల ఒడ్డుకు చేర్చిండ్రు. అక్కడ వెదురు బొంగుల లారీ ఆగి ఉన్నది. ఆ డ్రైవరు లోడు సగం కింద పడేసి, నిన్ను, డాక్టరమ్మను ఎక్కించుకుని పోయిండు. నేను తెల్లారిందాంక బండితోని వాగులనే ఉన్న."

మా ఆయన ముందుకు జరిగి, "మరి ఆ పచ్చలైటు?" అన్నాడు. చిన్నపిల్లాడు అడిగినట్టే అడిగాడు.

"లారీల కూడ ఉంటదేమో. నేనా లారీ ఎక్కలె."

"ఆ లారీ డ్రైవరు ఎవరు?"

"తెల్వదు బిడ్డా. ఎవరు అడిగిండ్రు?"

తర్వాత మా ఆయన పెద్దాయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఏన్కూరు వీధులన్నీ తిప్పాడు. గేరు మార్చినప్పుడల్లా పెద్దాయన చెయ్యి కూడా తన తొడ మీద కదలడం వెనక నుంచి చూశాను.

ఇంటికి వచ్చాక ఆయన బాధపడతాడేమోనని కనిపెట్టుకుని ఉన్నాను. బాధలాగా లేదు. రోజూ ఒక కొత్త ప్రశ్న. సగం లోడు పడేస్తే ఆ డ్రైవరును యజమాని ఏమన్నాడో. ఆ నలుగురిలో ఎవరైనా మిగిలి ఉన్నారో. ఊరికి ఫోన్ చేసి వాళ్ల పెద్దనాన్నను అడిగాడు. నలుగురిలో ఇద్దరి పేర్లు తెలిశాయి, ఒకాయన ఇంకా ఉన్నాడు. లారీ సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు.

మిగిలింది రంగు. డాక్టరమ్మ బండి తెల్లది కాబట్టి తెలుపే అని ముందు నుంచి అనుకున్నాడు. ఇప్పుడు ఏం రంగు వేయమంటావని నన్నడిగాడు. నేను నా గుడ్డల మూటలోంచి నేరేడుపండు రంగు ముక్క ఒకటి తీసిచ్చాను. షెడ్డుకు తీసుకెళ్తే సేటు ఆ ముక్కను వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఈ రంగు ఏస్తె హైదరాబాదుల ఎవ్వడు కొనడు. ధర సగానికి పడ్తది."

"అమ్మినప్పటి ముచ్చట గద," అన్నాడు మా ఆయన.

ఎండాకాలం నడుమ ఆ నలుగురిలో మిగిలినాయన్ను చూడటానికి బయలుదేరాం. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. ఎండకు అడుగున సన్నటి పాయ మాత్రమే పారుతోంది. మా ఆయన దిగి, ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ చూసుకుంటూ తిరిగాడు. నేను బండిలోనే ఉన్నాను. తలమీద గంపతో ఒకామె వచ్చి, పై ఊరి దాకా ఎక్కించుకుంటారా అని అడిగింది. ఎక్కించుకున్నాం. గంపలో తునికిపండ్లు ఉన్నాయి. నా సీట్లను చేత్తో నిమిరి, "ఏం బండి ఇది?" అంది.

"జపానుది," అన్నాను.

"జపాను ఏడుంటది? మన దుమ్ముగూడెం అవతలనా?"

మా ఆయన నవ్వి, సముద్రం అవతల అని చెప్పాడు. ఆమె నమ్మినట్టు లేదు. కిటికీ అద్దం కిందికి ఎలా దించాలని అడిగింది. ఆయన బండి ఆపి, వెనక్కి వంగి, పిడి ఏ వైపు తిప్పాలో చూపించాడు. ఆమె తనే తిప్పి దించుకుని, దిగే దాకా చెయ్యి బయట పెట్టుకుని కూర్చుంది.