కొలిమిలో పుట్టిన పులి

నిన్న మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకంలోని ఒక పాత పద్యం పైకి చదువుతుంటే చేతిలో పని ఆపి విన్నాను. పులిని ఏ కొలిమిలో, ఎవరు చేశారని అడుగుతుంది ఆ పద్యం. జవాబు చెప్పదు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా టీచర్ దాన్ని మరాఠీలో వివరించినప్పుడు జవాబు నాకు తెలుసనుకున్నాను. మేముండే మరాఠీ ప్రాంతపు దుర్గాపూర్‌లో, బొగ్గుగని వర్క్‌షాపులో కొలిమి పని మా బాపుదే.

ఆ వారమే ఒక సాయంత్రం మా క్వార్టర్ వెనక తుమ్మపొదల్లో పులి కనిపించింది. అందరూ తలుపులు వేసుకున్నారు. నేను మాత్రం పెరటి గడియ తీసి దాని వైపు నడిచాను. అది తల ఎత్తింది.

"నేను రాజన్న బిడ్డను," అని బాపు పేరు చెప్పాను.

అంతలో బాపు వెనక నుంచి వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. పులి మీద నుంచి చూపు తిప్పకుండా ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. లోపలికొచ్చి గడియ పెట్టాక అడిగాడు.

"ఎందుకు పోయినవే?"

"నువ్వు చేసిందే గద బాపూ, నన్నేం చేస్తది?"

"నేను గడ్డపారలు చేస్త బిడ్డా. గసొంటిదాన్ని చేసుడు నాతోని అయితదా?"

అమ్మ నీళ్లిస్తే ఆయన తాగకుండా పోయి గడియ మళ్లీ చూసొచ్చాడు. పులిని చూసి భయపడ్డాడనుకున్నాను. నాకేమయ్యేదోనని భయపడ్డాడని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.